హమాలీలకు నడుము పట్టేస్తే గోడౌన్ యజమానికి పడే భారం ఎంత?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చెన్నై రెడ్‌హిల్స్ దగ్గర మీకు సరుకుల గోడౌన్ ఉంది. సూళ్లూరుపేట, తడ వైపు నుంచి వచ్చిన మనవాళ్లు, స్థానిక తమిళులు కలిపి ముప్పై మంది దాకా పనిచేస్తున్నారు. బియ్యం, పప్పులు, పశువుల దాణా బస్తాలు లారీల నుంచి దించడం, మళ్లీ ఎక్కించడం అక్కడి ప్రధానమైన పని. ఒకే నెలలో ఇద్దరు హమాలీలకు నడుము పట్టేసింది. ఒకాయన ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కాగితాలు అడుగుతున్నాడు. స్కాన్‌లో ఏమీ తేలలేదు కాబట్టి అతను నటిస్తున్నాడని మీ సూపర్‌వైజర్ అంటున్నాడు. రెండో ఆయన కాంట్రాక్టర్ మనిషి కనుక ఆయన సంగతి మీకు సంబంధం లేదని అనుకుంటున్నారు. అందరికీ నడుము బెల్టులు కొనిచ్చి, ఇకపై నొప్పి వస్తే బాధ్యత తమదేనని సంతకాలు తీసుకుంటే సరిపోతుందా, అసలు ఈ వ్యవహారం వల్ల మీకు ఎంత నష్టం అని అడిగారు.

అంబత్తూరు, శ్రీపెరంబుదూరు ప్రాంతాల్లోని కర్మాగారాల్లో భద్రతా అధికారిగా పనిచేశాను. ఇప్పుడు మీలాంటి చిన్న యూనిట్లకు సలహాలిస్తున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ సంతకాల ఆలోచన మానుకోండి. ఉద్యోగి తన పరిహార హక్కును వదులుకుంటున్నట్టు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టమే స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు. పైగా రేపు వివాదం వస్తే, ప్రమాదం ఉందని ముందే తెలిసి కూడా మీరు ఏమీ చేయలేదనడానికి అదే సాక్ష్యమవుతుంది.

ఇక ఈఎస్ఐ. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్న ప్రతి ఒక్కరూ దాని పరిధిలోకి వస్తారు. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. 18,000 జీతం ఉన్న మనిషికి మీరు కట్టేది నెలకు 585 రూపాయలు. పనిలో దెబ్బ తగిలి కనీసం మూడు రోజులు, దెబ్బ తగిలిన రోజు కాకుండా, పనిచేయలేకపోతే సగటు రోజువారీ వేతనంలో 90 శాతం ఈఎస్ఐ సంస్థే ఇస్తుంది. ఆ అశక్తత ఉన్నంత కాలం ఇస్తుంది. వైద్యం కూడా వాళ్లదే. దీనికి ఇన్ని రోజుల చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, కొత్తగా చేరిన మనిషికీ వర్తిస్తుంది. అంతేకాదు, ఈఎస్ఐ కింద ఉన్న కార్మికుడు అదే దెబ్బకు మళ్లీ మీ మీద పరిహారం కేసు వేయడానికి వీల్లేదు. అంటే ఆయన అడుగుతున్న కాగితాలు మీకు కూడా రక్షణే. ప్రమాదాల పుస్తకంలో ఏ రోజు, ఏ సమయానికి, ఏ బస్తా ఎత్తుతుండగా, ఎవరి ఎదుట జరిగిందో రాయండి. ఈఎస్ఐ పోర్టల్‌లో ప్రమాద నివేదికను ఆలస్యం చేయకుండా పంపండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బస్తా ఎత్తుతుండగా ఒక్కసారిగా నడుము పట్టేస్తే అది పనిలో జరిగిన ప్రమాదం. ఏళ్ల తరబడి బరువులు మోసి క్రమంగా వచ్చిన నొప్పి అయితే సాధారణంగా అనారోగ్య భృతి కిందికి వెళ్తుంది. అది వేతనంలో 70 శాతమే, ఏడాదికి 91 రోజులకు మించదు. దానికి చందా రోజుల షరతూ ఉంది. రెండింటి మధ్య తేడా కార్మికుడి ఇంటి బియ్యం డబ్బాలో కనిపిస్తుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు, అదే రోజు రాయడం మీ ధర్మం. సూపర్‌వైజర్ అనుమానాన్ని నివేదికలో కలపకండి, నిర్ణయించాల్సింది ఈఎస్ఐ వైద్యుడు, ఈఎస్ఐ కార్యాలయం.

కాంట్రాక్టర్ మనిషి గురించి మీరు అనుకుంటున్నది పొరపాటు. మీ గోడౌన్‌లో మీ పని చేస్తున్నవారి ఈఎస్ఐ చందాకు మొదటి బాధ్యత ప్రధాన యజమానిగా మీదే, తర్వాత మీరు కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. పరిహార చట్టంలోనూ పద్ధతి అదే. ఆయనకు ఈఎస్ఐ నమోదు లేకపోతే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూపిస్తాను. నడుము దెబ్బ చట్టంలోని షెడ్యూలులో వేలు తెగడం, కన్ను పోవడం లాంటి నిర్దిష్ట శాతంతో లేదు. సంపాదనా శక్తి ఎంత తగ్గిందో వైద్యుడు అంచనా కడతాడు. మనిషి వయసు 35 అనుకుందాం. లెక్కకు తీసుకునే వేతనం గరిష్ఠ పరిమితి 15,000. దానిలో 60 శాతం 9,000. ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 197.06. రెండూ హెచ్చిస్తే 17,73,540 రూపాయలు. సంపాదనా శక్తి 20 శాతం తగ్గిందని తేలితే మీరు చెల్లించాల్సింది 3,54,708. నిజంగా అయిన వైద్య ఖర్చు దీనికి అదనం. నెలలోపు జమ చేయకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేని ఆలస్యమైతే సగం వరకు జరిమానా. నెలకు ఆరువందల లోపు చందా మిగుల్చుకోవడానికి ఇంత ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోవడం ఏ వ్యాపారికీ తగదు. జీతం 21,000 దాటిన డ్రైవర్లు, సూపర్‌వైజర్లు ఉంటే వారికి సాధారణ బీమా కంపెనీల దగ్గర ఉద్యోగుల పరిహార పాలసీ తీసుకోండి. వైద్య ఖర్చులు అందులో కలిసి ఉన్నాయో లేదో చదివి చూసుకోండి, చాలా పాలసీల్లో దానికి విడిగా ప్రీమియం కట్టాలి.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి, ఈ పాత చట్టాలు సామాజిక భద్రతా స్మృతిలో కలిశాయి. మీ ఇద్దరి కేసుల్లో ఏ నిబంధన ఏ తేదీ నుంచి వర్తిస్తుందో ఒకసారి కార్మిక న్యాయవాదితో సరిచూసుకోండి.

ఇప్పటిదాకా చెప్పింది చట్టం. మీరు అడిగిన అసలు ప్రశ్నకు, అంటే నష్టం ఎంత అన్నదానికి, జవాబు చాలావరకు చట్టం బయట ఉంది. ఈఎస్ఐ సరిగ్గా ఉన్న చోట నడుము దెబ్బకు యజమాని నేరుగా చెల్లించే పరిహారం దాదాపు ఏమీ ఉండదు. అయినా డబ్బు పోతూనే ఉంటుంది. ఒక హమాలీ రాకపోతే మిగిలినవాళ్లలో ఇద్దరు రోజుకు నాలుగేసి గంటలు ఎక్కువ పనిచేశారనుకోండి. 18,000 జీతాన్ని 26 రోజులకు, ఎనిమిది గంటలకు పంచితే గంటకు 86 రూపాయల పైచిలుకు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు ఇవ్వాలి కనుక 173. ఎనిమిది గంటలకు రోజుకు దాదాపు 1,384. పదిహేను పనిదినాలకు 20,700 దాటుతుంది. మంచాన ఉన్న మనిషి నెల జీతం కంటే ఎక్కువ, అదీ ఒక్క ఓవర్‌టైమ్ పద్దులోనే. దీనికి లారీ ఆగిపోయినందుకు కట్టే వెయిటింగ్ చార్జీలు, కొత్త మనిషి చేతిలో చిరిగిన బస్తాలు, సరుకు సమయానికి అందక కోప్పడిన దుకాణదారులు, హాజరు పట్టీలు సర్దుకుంటూ మీరు పోగొట్టుకున్న సాయంత్రాలు కలుపుకోండి. ఇవన్నీ వేరువేరు పద్దుల్లో పడతాయి కాబట్టి ఏడాది చివర లెక్కల్లో నడుము నొప్పి అన్న మాట ఎక్కడా కనిపించదు.

హెచ్.డబ్ల్యూ. హెన్రిచ్ అనే అమెరికా బీమా ఉద్యోగి 1931లోనే ప్రమాదపు ప్రత్యక్ష ఖర్చుకు పరోక్ష ఖర్చు నాలుగు రెట్లు ఉంటుందని రాశాడు. ఆ నిష్పత్తిని తర్వాతివారు చాలా విమర్శించారు, నేనూ దాన్ని లెక్కలకు వాడను. మీ గోడౌన్ పుస్తకాలే మీకు సరైన సంఖ్య చెబుతాయి. ఈ ఇద్దరి పేర్ల మీద ఒక పేజీ తెరిచి, వాళ్లు లేనందువల్ల అయిన ప్రతి అదనపు ఖర్చూ అందులో రాయించండి.

పైన వేసిన లెక్కలో పదిహేను పనిదినాలు అన్నాను. నా అనుభవంలో యజమాని భవిష్యత్తును నిర్ణయించేది ఆ సంఖ్యే. పదిహేను రోజుల్లో తిరిగి వస్తాడా, మూడు నెలలు పడుతుందా, అసలు రాడా? హఠాత్తుగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో బాగా తగ్గుతుంది. అయినా కొందరు నెలల తరబడి పనికి దూరమవుతారు, దూరమైన కొద్దీ తిరిగి వచ్చే అవకాశం తగ్గుతూ పోతుంది. ఆ తేడాకు కారణం ఎముకల్లోనే ఉందనుకుంటే సగమే అర్థం చేసుకున్నట్టు. భయం, అవమానం, తిరిగి వెళ్తే మళ్లీ అదే బస్తా మోపుతారన్న ఆలోచన, తనను ఎవరూ నమ్మలేదన్న బాధ, ఇవన్నీ మనిషిని ఇంట్లోనే ఉంచేస్తాయి. వీటిలో చాలావాటి మీద మీకు అధికారం ఉంది.

అందుకే మీ సూపర్‌వైజర్ మాట నన్ను కలవరపెట్టింది. నడుము నొప్పి కేసుల్లో దాదాపు 90 శాతం స్కాన్‌లో ఫలానా కారణమని చూపించలేనివే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్కాన్‌లో ఏమీ లేకపోవడం నొప్పి లేదనడానికి రుజువు కాదు. దీనికి రెండో వైపు కూడా చూడండి. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కాన్‌లను సమీక్షించిన 2015 నాటి ఒక పరిశోధనలో, ఇరవై ఏళ్ల వయసువాళ్లలోనే దాదాపు 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. ఎనభై ఏళ్లవారిలో అది 84 శాతం. కాబట్టి డిస్క్ ఉబ్బింది, ఇక ఇతను జీవితంలో బరువు ఎత్తలేడు అని ఎంఆర్ఐ కాగితం చూసి తీర్పు చెప్పడం కూడా తప్పే. కాగితం చూసి మనిషిని దొంగ అనడం, కాగితం చూసి మనిషిని పనికిరాడనడం, రెండూ మీకు ఖర్చే. అంబత్తూరులో ఒక యూనిట్‌లో ఒకరిని నటిస్తున్నాడని అందరి ముందూ అన్నారు. తర్వాత అక్కడ నొప్పి గురించి నోరెత్తినవాళ్లు లేరు. నొప్పి లేక కాదు, దాచుకుని పనిచేశారు. దాచుకున్నవాళ్లు నెమ్మదిగా పనిచేస్తారు, బరువును ఒక వైపు మోపి ఎత్తుతారు, చివరికి ఒకరోజు పూర్తిగా పడిపోతారు. మొదటి వారంలో తేలికగా సర్దుకోగలిగింది మూడు నెలల కేసుగా మీ ముందుకు వస్తుంది.

మీరు చేయాల్సింది చాలా మామూలు పని. దెబ్బ తగిలిన రెండో రోజో మూడో రోజో మీరే ఫోన్ చేయండి, సూపర్‌వైజర్‌తో చేయించకండి. ఎలా ఉందని అడగండి, ఎప్పుడొస్తావని అడగకండి. ఉద్యోగం ఎక్కడికీ పోదని మీ నోటితో చెప్పండి. ఇది మంచితనం కోసమే చెప్పడం లేదు, ఈఎస్ఐ భృతి తీసుకుంటున్న కాలంలో ఆ కార్మికుణ్ణి తీసేయడం, శిక్షించడం చట్టరీత్యా కుదరదు కూడా. మంచం దిగకుండా పూర్తి విశ్రాంతి తీసుకోమని ఇంట్లోవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు చెబుతారు. నేటి వైద్యం అది వద్దంటోంది. నొప్పి ఓర్చుకోగలిగినంతలో నడవడం, రోజువారీ పనులు చేసుకోవడం మేలు. దీన్ని మీరు చెబితే పనికి రప్పించే ఎత్తుగడ అనుకుంటారు, వైద్యుడితోనే చెప్పించండి.

తిరిగి చేరేటప్పుడు తేలిక పని సిద్ధంగా ఉంచండి. సరుకు లెక్క, గేటు రిజిస్టరు, లేబుళ్లు అంటించడం, చిల్లర ఆర్డర్లు సర్దడం, ఇలాంటివి మీ గోడౌన్‌లో లేకపోవు. పూర్తి జీతం ఇవ్వండి, తగ్గించారంటే మొత్తం ప్రయత్నం చెడుతుంది. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పాత పనిలోకి తీసుకురండి. ఒక్క జాగ్రత్త పాటించాలి. వైద్య ధ్రువపత్రం ప్రకారం భృతి వస్తున్న రోజుల్లో ఆయనచేత ఏ పనీ చేయించకూడదు. ఫిట్‌నెస్ రాసిన తర్వాతే పనిలోకి తీసుకోవాలి. అప్పుడు ఎంత బరువు వరకు ఎత్తవచ్చో వైద్యుణ్ణి అడిగి రాయించుకోండి.

ఇక బెల్టులు. వాటి మీద డబ్బు పెట్టకండి. అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1994లోనే, దెబ్బ తగలని కార్మికులకు నివారణ కోసం బెల్టులు వాడమని తాము సిఫారసు చేయడం లేదని ప్రకటించింది. దీర్ఘకాలిక నడుము నొప్పి మీద 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా నడుము పట్టీలను సిఫారసు చేయనివాటి జాబితాలో చేర్చింది. బెల్టు కట్టుకున్న మనిషి తనకు బలం పెరిగిందనుకుని మరో బస్తా ఎక్కువ ఎత్తుతాడన్నదే నా భయం. మోకాళ్లు వంచి ఎత్తండి అని పోస్టర్లు అంటించి ఒక గంట పాఠం చెప్పించడం కూడా ఇలాంటిదే. అలాంటి శిక్షణ ఒక్కటే నడుము నొప్పిని ఆపుతుందనడానికి ఆధారాలు లేవని, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్షలో తేల్చింది.

బరువునూ దూరాన్నీ మారిస్తేనే ఫలితం ఉంటుంది. నియోష్ సూత్రంలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, ఒక మనిషి ఎత్తడానికి పెట్టిన మూల పరిమితి 23 కిలోలు. అదీ బరువు శరీరానికి దగ్గరగా, చీలమండల మధ్య బిందువు నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటేనే. 50 సెంటీమీటర్ల దూరంలో చేతులు చాపి ఎత్తితే ఆ పరిమితి సగానికి, పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. వంగి నేల మీంచి ఎత్తితే, నడుము తిప్పుతూ ఎత్తితే, నిమిషానికి ఎక్కువసార్లు ఎత్తితే ఇంకా తగ్గుతుంది. మీ దగ్గర దాణా బస్తా 50 కిలోలు. లారీ లోపలి మూలలో ఉన్న బస్తాను వంగి, చేయి చాపి లాగుతున్న మనిషి వెన్ను మీద ఏం పడుతోందో ఇప్పుడు మీరే ఊహించండి. ఏ బెల్టూ ఆ లెక్కను మార్చలేదు.

సరఫరాదారులను 25 కిలోల సంచులు అడగండి. బియ్యంలో అవి ఇప్పటికే మామూలయ్యాయి, దాణాలో అడిగేవాళ్లు తక్కువ. హ్యాండ్ పాలెట్ ట్రక్కులు మీ దగ్గర ఉండి ఉంటాయి, కానీ నేల గుంతలుగా ఉంటే వాటిని ఎవరూ వాడరు, తిరిగి భుజాన వేసుకుంటారు. ముందు నేల బాగుచేయించండి. ఎక్కువగా కదిలే సరుకు మోకాలి నుంచి ఛాతీ మధ్య ఎత్తులో ఉండాలి. నేల మీద, తలపైన నెమ్మదిగా కదిలేవి పెట్టండి. లారీ ఫ్లోర్‌కు, మీ గోడౌన్ అరుగుకు మధ్య ఎత్తు తేడా ఉంటే ఒక ర్యాంపు వేయించడం అన్నిటికంటే ఎక్కువ నడుములను కాపాడుతుంది. ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఆ అరుగు తడిసి జారుతుంది. బస్తాతో జారిన మనిషి నడుముకు తగిలే దెబ్బ మామూలుది కాదు. పైకప్పు రెండడుగులు పొడిగిస్తే చాలు. కత్తిరి ఎండల్లో, అంటే నడివేసవిలో, మధ్యాహ్నం పని వేళలు మార్చండి. అలసిన కండరం వెన్నును కాపాడలేదు.

బస్తాకింత అని కూలి కడుతున్నట్లయితే దాన్నొకసారి ఆలోచించండి. అలా కట్టినంతకాలం ఇద్దరు కలిసి ఎత్తాల్సింది ఒక్కడే ఎత్తుతాడు, ట్రాలీ తెచ్చుకునే నిమిషం కూడా దండగనిపిస్తుంది. మీరు పెట్టిన యంత్రాలన్నీ మూలన పడటానికి ఇదే మొదటి కారణమని నేను చాలా చోట్ల చూశాను. రోజు కూలికి మారడం కుదరకపోతే, కనీసం బరువు బస్తాలను ఇద్దరు కలిసి ఎత్తినా ఇద్దరికీ పూర్తి రేటు ఇవ్వండి.

బిల్లింగ్‌లో కూర్చునేవాళ్లను, కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లను కూడా మరచిపోకండి. రోజంతా నిలబెట్టి పనిచేయించకూడదని, కూర్చోవడానికి సీట్లు ఏర్పాటు చేయాలని తమిళనాడు 2021లోనే దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించింది. టీ నగర్ బట్టల దుకాణాల్లోని సేల్స్ అమ్మాయిల కోసం చేసిన చట్టంలా కనిపిస్తుంది గానీ మీ గోడౌన్‌కు కూడా వర్తిస్తుంది. పని ప్రదేశం కొలతలు, బరువుల అంచనా విషయంలో నిపుణుల సాయం కావాలంటే తరమణిలో కేంద్ర కార్మిక శాఖ కింద ప్రాంతీయ శ్రామిక సంస్థ ఉంది. ప్రైవేటు సలహాదారులకు వేలు పోసే ముందు అక్కడ అడగండి.

మీ ప్రశ్నలో ఒక మాట చివర్లో రాశారు, కానీ నేను మొదట పట్టించుకున్నది దాన్నే. కాంట్రాక్టర్ మనిషికి ఒక కాలు తిమ్మిరెక్కుతోందని, పాదం సరిగ్గా పైకి లేవడం లేదని అన్నారు. అది మామూలు నడుము నొప్పి కాకపోవచ్చు, నరం నొక్కుకుపోతుండవచ్చు. మూత్రం ఆగిపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ లేకపోవడం ఉంటే గంటలు కూడా విలువైనవే, వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. అవేవీ లేకపోయినా పాదం బలహీనపడిందంటే వైద్యుడు ఈరోజే చూడాలి. ఈఎస్ఐ నమోదు ఉంటే కేకే నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి, లేకపోతే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి మీ బండిలోనే పంపండి. ఖర్చు ఎవరిదన్నది కాంట్రాక్టర్‌తో తర్వాత తేల్చుకోవచ్చు.